మా ఫ్రిజ్ ఐసు కట్టిన రోజు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి నా పుట్టిల్లు కోరుట్లలో తెలుసు, మెట్టినిల్లు సిరిసిల్లలో అయితే మా వాడకంతా తెలుసు. ఎవరైనా నా ఇంటి వస్తువుకు వంక పెట్టారంటే ఆ రోజు వాళ్ళకు నా చేతి చాయ దొరకదు. ఆ కోపం వల్ల జరిగిన నష్టాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం నాకు కాదు, పక్కింటి పిల్లకు జరిగింది. అది చెప్పాలంటే ముందు ఫ్రిజ్ సంగతి చెప్పాలి.

ఆ ఫ్రిజ్ జగిత్యాల నుంచి వచ్చింది. అక్కడ పనిచేసే ఒక ఇంజనీరుకు బదిలీ అయితే సామాను అమ్ముకుంటున్నాడని మా పెద్దన్న కబురు పెట్టాడు. మా ఆయన పోయి, మగ్గాల నూలు బీములు తెచ్చే లారీలో దాన్ని నిలబెట్టి, పడిపోకుండా దారి పొడుగునా తానే పట్టుకుని తీసుకొచ్చాడు. ఒకటే తలుపు, లేత ఆకుపచ్చ రంగు. పైన ఐసు అర, దాని కింద ఒక ప్లాస్టిక్ సొరుగు, కుడిపక్కన ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్న తిప్పే బటను. మా వాడలో అదే మొదటి ఫ్రిజ్. దించిన రోజు వాడంతా వచ్చి, తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి, "అబ్బ, ఎంత సల్లగున్నదే" అని పోయారు. తలుపు తీసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అయినా లోపల్లోపల సంతోషంగానే ఉండేది.

మాది సాంచాల ఇల్లు. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. ముందు గదిలో నాలుగు సాంచాలు, వెనక గదుల్లో మేము. అవి నడుస్తుంటే మాట్లాడుకోవడానికి అరవాలి, అందుకే మా వాడలో ఎవరి గొంతూ చిన్నది కాదు. మా ఒక్క ఇల్లే కాదు, ఆ వరసలో ఏ గుమ్మం ముందు నిలబడ్డా అదే చప్పుడు. అన్ని ఇళ్ళ సాంచాలూ ఒక్కసారి నడిస్తే బల్బులు గుడ్డిగా, ఎర్రగా వెలుగుతాయి. మాకు అది మంచి గుర్తు. బల్బు ఎర్రగా ఉందంటే అందరికీ పని ఉన్నట్టు. బల్బు తెల్లగా భగ్గుమని వెలిగిందంటే నూలు రాలేదో, బంద్ అయిందో, ఎవరో పోయారో. మా అత్త అయితే బల్బు తెల్లబడగానే "ఏమైందో సూసి రాపోండ్రి" అని ఎవరినో ఒకరిని బయటికి తరిమేది.

పక్కిల్లు ఆపాది. నాకంటే పెద్దది కాబట్టి ఆపా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. ఒక్కతే కూతురు, పదేళ్ళది. ఆ ఎండాకాలానికి కొంచెం ముందు ఆ పిల్లకు షుగరు అని తేలింది. అంత చిన్న పిల్లకు షుగరేంది, ముసలోళ్ళకు గదా వచ్చేది అని నేను ఆపాతో వాదించాను కూడా. కరీంనగర్ డాక్టరు పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది రాసి, వేయడం ఆపాకే నేర్పించి పంపాడు. ఆ మందు సీసా చల్లగా ఉండాలట. ఆపా మొదట దాన్ని గుడ్డలో చుట్టి, తడి ఇసుక పోసిన కుండలో పెట్టింది. ఎండలు ముదిరాక ఒక రోజు మా గుమ్మంలో వచ్చి నిలబడింది.

"చెల్లె, ఒక్క మాట. పొల్ల మందు మీ ఫ్రిజ్‌ల పెట్టుకుంటవా?"

"గింతదానికి అడుగుడేంది ఆపా? నా నెత్తిన పెట్టుకొమ్మన్నా పెట్టుకుంట" అన్నాను.

అనడమే కాదు, ఫ్రిజ్‌లో అన్నిటికంటే చల్లగా ఉండే చోటు ఇచ్చాను. ఐసు అర కింది సొరుగు. అక్కడున్న మా పాలగిన్నెను కింది అరలోకి దించేసి, ఆ సొరుగంతా ఆ చిన్న సీసాకు వదిలిపెట్టాను.

పిల్ల పొద్దున ఏడింటికి, సాయంత్రం ఆరింటికి వచ్చేది. చేతిలో చిన్న అల్యూమినియం డబ్బా, అందులో మరగబెట్టిన గాజు సిరంజి. మొదట్లో సూది అంటే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. ఒక రోజు నేనే ఐసు ముక్క చేతిలో పెట్టి, "సూది ఏసే తాన రుద్దుకో. మొద్దువారుతది, నొప్పి తెల్వది" అన్నాను. అది పనిచేసింది. ఆ రోజు నుంచి సీసాతో పాటు ఒక ఐసు ముక్క ఆమె కోటా. మా గుమ్మంలోనే కూర్చుని, రెట్ట మీద రుద్దుకుంటూ, గిచ్చి చూసుకుని, మొద్దువారిందని నమ్మకం కుదిరాక "అమ్మీ, ఇగ ఏయ్" అని పక్కింట్లోకి అరిచేది. సూది అయిపోయాక మిగిలిన ముక్క నోట్లో వేసుకునేది. ఆ పిల్ల భయం లేకుండా చప్పరించగలిగింది అదొక్కటే.

నన్ను చాచీ అనేది, పిన్ని అని. నోరు మాత్రం నాకు తీసిపోదు. ఒకసారి ఫ్రిజ్ కింద నీళ్ళు కారి మడుగు కడితే చూసి, "చాచీ, మీ ఫ్రిజ్‌కు గూడ షుగరే ఉన్నది. ఊకె ఉచ్చ పోస్తున్నది" అంది. నేను చీపురు అందుకున్నాను. నవ్వుకుంటూ పారిపోయింది.

ఎండలు బాగా మండిపోతున్న రోజుల్లో ఐసు కట్టడం ఆగిపోయింది. మొదట ట్రేలో నీళ్ళ మీద పల్చటి పొర మాత్రం కట్టింది. మరుసటి రోజు ఆ పొరా లేదు. ట్రే లాగితే నీళ్ళు తొణికి నా చీరంతా తడిసింది. ఆ సాయంత్రం పిల్ల ఐసు లేకుండానే సూది వేయించుకుంది. ఏడవలేదు. కింది పెదవి కొరుక్కుంటే పంటి గాటు పడి రక్తం వచ్చింది. "రేపు కడ్తదా చాచీ?" అని అడిగి పోయింది. ఏమైనా సరే దీనితో ఐసు కట్టించాల్సిందే అనుకున్నాను.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. "నువ్వే ఊకె తలుపు తీస్తవు" అని మా ఆయన నన్నే అన్నాడు. సరే అని సీసా కోసం తప్ప రోజంతా తలుపు తీయలేదు. కట్టలేదు. "గోడకు ఆనిచ్చిర్రు, దానికి గాలి ఆడొద్దా?" అంది అత్త. మూరెడు ముందుకు జరిపాము. చూస్తే వెనక జాలీ నిండా నూలు పీచు. సాంచాల ఇంట్లో పీచు పట్టనిదేముంది, తినే అన్నం మీదే పడుతుంది. పాత బ్రష్ తీసుకుని గంటసేపు దులిపాను. కొంచెం మెరుగైంది గానీ ఐసు లేదు. తలుపు రబ్బరు వదులైందేమో అని పాత క్యాలెండరు కాగితం తలుపు సందులో పెట్టి మూసి లాగి చూశాను. కింది మూలలో జారి వచ్చేసింది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో ఆ మూల రబ్బరును అద్ది అద్ది మెత్తబరిచి, పొద్దంతా తలుపుకు తాడు బిగించి కట్టాను. ఆ తర్వాత కాగితం చిరిగింది గానీ జారలేదు. ఐసు మాత్రం కట్టలేదు. మూడు మీదున్న బటనును నాలుగు చేశాను. వెనక మోటారు గుర్రుమని లేచి, రెండు క్షణాల్లో టక్కుమని ఆగేది. మళ్ళీ కాసేపటికి గుర్రు, మళ్ళీ టక్కు. సాంచాల మోతలో అది వినపడాలంటే ఫ్రిజ్ వీపుకు చెవి ఆనించి నిలబడాలి. నిలబడ్డాను. మా ఆయన చూసి, "డాక్టరమ్మ నాడి సూస్తున్నది" అని ఎక్కిరించాడు.

సిరిసిల్లలో ఫ్రిజ్ బాగుచేసేవాడెవడూ మాకు తెలియదు. కోరుట్లకు కబురు పంపితే మా పెద్దన్న వచ్చాడు. రేడియోలు, టేప్ రికార్డర్లు, మిక్సీలు బాగుచేస్తాడు, ఆ ధైర్యంతో ఏ యంత్రాన్నయినా విప్పేస్తాడు. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు దులిపితే, అతని సంచిలో వైర్లు, టెస్టరు, సోల్డరింగ్ కడ్డీ దొరికాయి. గంటసేపు కూర్చోబెట్టారట.

"బాంబులు జేస్తవా అని అడిగిర్రే. మిక్సీలు జేస్త సారూ అన్న. అయితె మిక్సీ ఎట్ల తిరుగుతదో జెప్పుమన్నరు. మొత్తం జెప్పిన" అన్నాడు, కాళ్ళు కడుక్కుంటూ. ఆ రోజుల్లో అది పెద్ద వార్త కాదు. నేను చాయ పెట్టి ఇచ్చాను.

అన్న వెనక్కి పోయి తడిమాడు, విన్నాడు, టెస్టరు పెట్టాడు. "మోటరు మంచిగనే ఉన్నది. లేస్తున్నది గని నిలబడ్తలేదు" అన్నాడు. నడుము నిటారు చేసి, తల ఎత్తి పైకి చూశాడు. "ఏందే, బల్బు గింత గుడ్డిగున్నది?"

నాకు సర్రున మండింది. అత్త అక్కడే కూర్చుని నూలు కండెలు చుడుతోంది. పుట్టింటి నుంచి వచ్చి, ఆమె వింటుండగా, మా ఇంటి వెలుతురుకు వంక పెడతాడా?

"నాలుగు సాంచాలు నడిచే ఇంట్ల బల్బు గిట్లనే ఉంటది. పని లేనోళ్ల ఇండ్లల్ల తెల్లగ ఎలుగుతది. నువ్వు ఫ్రిజ్ సూడ అచ్చినవా, మా ఇంటికి వంకలు పెట్ట అచ్చినవా?"

"గది గాదే, కరెంటు జెర తక్కువ..."

"అన్నా, ఇగ ఊకో. సాంచాలు నడుస్తున్నయి, ఫ్యాను తిరుగుతున్నది. అన్నిటికి సరిపోయిన కరెంటు దీనికే తక్కువైందా?"

అన్న, చెల్లెలి ఇంటికి వచ్చి లొల్లి ఎందుకు అనుకుని ఉంటాడు. బటను పట్టుకుని నాలుగు నుంచి ఏడు దాకా గిర్రున తిప్పాడు. "ఇగ ఇంతకంటె ఎక్కువ లేదు. గిట్లనే ఉంచు. కట్టేదుంటె గీడ కట్టాలె" అన్నాడు. అన్నం తిని, పొద్దు ఉండగానే బస్సెక్కాడు.

ఏడు మీద పెట్టినా మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు బంద్. అన్నలు పిలుపిచ్చారు, రెండు రోజులు. అడవిలో ఉన్న నక్సలైట్లను అందరం అన్నలనే అనేవాళ్ళం. గోడల మీద ఎర్ర రాతలు కనబడగానే దుకాణాలకు తాళాలు పడ్డాయి, బస్సులు ఆగాయి, వాడలో సాంచాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. బల్బు తెల్లగా భగ్గుమంది. అత్త ఎవరినీ బయటికి పంపలేదు, కారణం తెలుసు కాబట్టి.

ఆ పొద్దున మా ఫ్రిజ్ గొంతు మొదటిసారి తిన్నగా విన్నాను. గుర్రుమని లేచింది. టక్కు కోసం ఎదురుచూశాను. రాలేదు. అట్లా నడుస్తూనే ఉంది. మధ్యాహ్నం ట్రే లాగితే నీళ్ళు తొణకలేదు. బోర్లించి నేలకు కొట్టాను. ఐసు ముక్కలు టపటపా రాలాయి.

"కట్టింది! ఆపా, కట్టిందీ!" అని అరిచాను. సాంచాలు లేని ఆ నిశ్శబ్దంలో నా అరుపు వాడ చివరి దాకా పోయి ఉంటుంది. జనం చెంబులు, గిన్నెలు పట్టుకుని వచ్చారు. బంద్ కదా, ఎవరికీ పని లేదు. అందరికీ నిమ్మకాయ షర్బత్ చేశాను, అందరూ నా ఫ్రిజ్‌నూ, మా అన్న చేతినీ పొగిడారు. పిల్లకు షర్బత్ ఇవ్వలేదు, రెండు ఐసు ముక్కలు ఇచ్చాను. ఒకటి రెట్టకు, ఒకటి నోటికి. "అమ్మీ, ఇగ ఏయ్!" అని అది అరుస్తుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్ళూ కట్టనిది ఇవాళ ఎందుకు కట్టిందని మాత్రం నేను అడగలేదు. తెల్లని బల్బు నా నెత్తి మీదే వెలుగుతోంది. మాకు తెల్లని బల్బు అంటే బంద్, అంతే. దానికీ ఐసుకూ సంబంధం ఉంటుందని మా వాడలో ఎవరికీ తట్టలేదు.

కడుతున్నప్పుడు ఇంకా కట్టనీ అని బటను ఏడు మీదే ఉంచాను. రెండో రోజు పొద్దున సీసా కోసం సొరుగు లాగితే రాలేదు. మంచు పట్టి అతుక్కుపోయింది. అట్లకాడ మొనతో గీకి, ఊడలాగాను. లోపల సీసా తెల్లగా బిగిసిపోయి ఉంది. ఊపితే కదల్లేదు.

పిల్ల డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమైంది చాచీ?"

"ఏం గాలె. జెర ఆగు."

వంటింట్లోకి పోయి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి సీసాను ముంచాను. కరిగింది. ఆ మందు మామూలుగానే పాలు కలిపిన నీళ్ళలా మసకగా ఉండేది. ఇప్పుడు అడుగున చిన్న చిన్న పలుకులు కనబడ్డాయి. ఊపాను. కొన్ని కలిసిపోయాయి, కొన్ని పోలేదు. నీళ్ళు గడ్డకట్టి కరిగితే మళ్ళీ నీళ్ళే కదా, మందుకు మాత్రం ఏమవుతుంది అనుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం కూడా చెబుతాను. ముందురోజే వాడంతా నా ఫ్రిజ్‌ను పొగిడి పోయింది. నా ఫ్రిజ్‌లో నీ బిడ్డ మందు గడ్డకట్టింది అని ఆపా ముందు నిలబడి చెప్పడం నాకు నామోషీ అనిపించింది. సీసా తడిని కొంగుతో తుడిచి పిల్ల చేతిలో పెట్టాను. ఐసు ముక్క కూడా ఇచ్చాను, కొంచెం పెద్దదే. తర్వాత బటనును మూడు మీదికి తిప్పేశాను.

బంద్ అయిపోయింది, సాంచాలు నడిచాయి, బల్బు ఎర్రబడింది, ఐసు మళ్ళీ ఆగిపోయింది. అప్పుడైనా నాకు తెలివి రావాలి. రాలేదు.

పిల్ల చెంబుల కొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. మాటిమాటికీ దొడ్లోకి పరుగెత్తేది. మూడో రోజుకు కళ్ళు లోపలికి పోయాయి, మా గుమ్మంలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఆ సాయంత్రం ఆపా మా ఇంటికి వచ్చింది.

"చెల్లె, నిజం జెప్పు. బంద్ నాడు ఇది నీ ఇంట్ల షర్బత్ తాగిందా?"

"లేదాపా. ఉత్త ఐసే ఇచ్చిన."

"అయితె యాడనో మిఠాయి తిన్నది. లేకుంటె పానం గిట్లెందుకైతది?"

ఇంటికి పోయి పిల్లను కొట్టింది. చెంపదెబ్బ గోడ ఇవతలికి వినిపించింది. "అల్లా కసమ్ అమ్మీ, నేను తినలే. ఏం తినలే" అని పిల్ల గొంతు. నాలుగు సాంచాలు నడుస్తున్నాయి, అయినా నాకు వినపడింది. సీసా అడుగున పలుకులు కళ్ళముందు మెదిలాయి. అప్పుడే లేచి పోయి చెప్పాల్సింది. అదై ఉండదులే, రేపు చూద్దాం అనుకున్నాను. కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

తెల్లారేసరికి పిల్లకు వాంతులు. ఊపిరి పెద్దగా, లోతుగా తీస్తోంది. నోట్లోంచి బాగా మాగిన పండు వాసన. ఆపా భర్త ఊళ్ళో లేడు, మొదటి బస్సుకు నేనూ ఆపా కలిసి కరీంనగర్ బయలుదేరాము. పిల్ల తల నా ఒళ్ళో, కాళ్ళు ఆపా ఒళ్ళో. సగం దారిలో పోలీసులు బస్సు ఆపారు. ఒకతను మా సంచి విప్పి, డబ్బాలోని సిరంజిని, సీసాను బయటికి తీశాడు.

"ఎవలికి గీ సూదులు? అడివిల ఉన్నోళ్లకా?"

ఆపా పిల్లను దగ్గరికి లాక్కుంది. పిల్లే కళ్ళు సగం తెరిచి, గౌను చెయ్యి పైకి జరుపుకుని, రెట్ట మీది సూది మచ్చలు చూపించింది. "నాకే సార్. నాకు షుగరు" అంది. అతను డబ్బా మూసి నా చేతికిచ్చి, "పోనీ, జల్ది పోనీ" అని డ్రైవరు మీద అరిచాడు.

ఆస్పత్రిలో వెంటనే సెలైన్ ఎక్కించారు. డాక్టరు సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ వంచి చూశాడు.

"ఇది గడ్డకట్టిందా ఎప్పుడైనా?"

"లేదు సార్" అంది ఆపా. "మా చెల్లె ఫ్రిజ్‌ల పెడ్తున్నం. తన పిల్ల మందు లెక్క సూసుకుంటది. ఈ పొల్లనే సార్, సాటుంగ ఏదో తిన్నది."

అలా అని నా వైపు తిరిగింది, అవును కదా అన్నట్టు. నాకు తల తీసేసినట్టయింది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆ తప్పు పిల్ల మీదే ఉండిపోతుంది.

"గడ్డకట్టింది సార్. బంద్ నాడు. నేనే గోరువెచ్చని నీళ్లల్ల కరిగించి ఇచ్చిన. ఆపాకు జెప్పలె" అన్నాను.

డాక్టరు సీసాను బల్ల మీద పెట్టాడు. "ఒకసారి గడ్డకడితే ఈ మందు పాడైపోతుందమ్మా. ఇన్ని రోజులూ ఈ పిల్లకు మీరిచ్చింది నీళ్ళే అనుకోండి" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని నాకనిపించింది.

ఆపా మంచం దగ్గరికి పోయి, తాను కొట్టిన చెంప మీద చెయ్యి పెట్టి, "మాఫ్ చెయ్ బేటా" అంది. పిల్ల కళ్ళు తెరవకుండానే, "నేను జెప్పిన గద అమ్మీ" అంది. నేను వరండాలోకి పోయి, గోడ వైపు తిరిగి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, భయంతో ఏడ్చాను, ఆ పిల్లకు ఏమైనా అయితే నేను ఎట్లా బతకాలి అని ఏడ్చాను.

వారం తర్వాత పిల్ల నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. ఆపా నాతో మాట్లాడడం మానలేదు. పండుగకు ఎప్పటిలాగే గిన్నె నిండా షీర్ ఖుర్మా పాయసం పంపింది. సీసా మాత్రం పంపలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న కొత్త సీసా తడి ఇసుక కుండలోకే పోయింది. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఆరింటికి నా కాళ్ళు వాటంతట అవే ఫ్రిజ్ వైపు పోయేవి. తలుపు తీసి, ఖాళీ సొరుగు చూసి, మూసేదాన్ని. మా పాలగిన్నెను మళ్ళీ అందులో పెట్టబుద్ధి కాలేదు.

కోరుట్ల పోయి అన్నను నేనే తోలుకొచ్చాను. ఈసారి బరువైన స్టెబిలైజర్ డబ్బా ఒకటి వెంట తెచ్చి బిగించాడు.

"సాంచాలన్ని నడిస్తె మీ వాడకు కరెంటు సన్నగస్తది, ఎండలు ముదిరితె ఇంకింత సన్నబడ్తది. మోటరు లేస్తది గని నిలబడది. సాంచాలు ఆగినంక కరెంటు నిండుగస్తది. గప్పుడు ఏడు మీదున్న ఫ్రిజ్ ఏడు లెక్కనే పనిజేస్తది, సీసాలు గూడ బిగుసుకపోతయి. బల్బు సూసి గా దినం గదే జెప్పబోయిన."

"మరి జెప్పకపోతివి."

"నువ్వు జెప్పనిస్తివా?"

లేచి పోయి అన్నకు చాయ పెట్టి ఇచ్చాను.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం ఆరింటికి పిల్ల మా గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో చిన్న స్టీలు గ్లాసు. ఆపా తన గుమ్మంలో నుంచి చూస్తోంది.

"కుండల వేడెక్కుతున్నది చాచీ. నేనే అడిగిన, అమ్మీ పెట్టుకొమ్మన్నది" అంది. గ్లాసులో సగం నీళ్ళు పోసి, సొరుగు జోలికి పోకుండా, నడిమి అరలో సీసాను పెట్టి దాని పక్కనే గ్లాసు పెట్టింది. "గీ నీళ్లు గడ్డకడితె మందు గూడ కట్టినట్టె. గిది సూస్తె తెలుస్తది."

"ఇగ కట్టది బిడ్డా. స్టెబిలైజర్ డబ్బా పెట్టినం, బటను రెండు మీదనే ఉన్నది" అన్నాను.

"కడితె కట్టనియ్ చాచీ. నాకు జెప్పు, గంతే."

ఆ ఏడాదీ బంద్‌లు వచ్చాయి. బల్బు తెల్లబడగానే అందరికంటే ముందు నేను ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తి బటను ఒకటికి తిప్పేదాన్ని. అయినా ఒక బంద్ రోజు పొద్దున తలుపు తీస్తే, గ్లాసులో నీళ్ళ మీద అంచు చుట్టూ సన్నటి పొర. వేలితో తాకితే విరిగిపోయేంత. సీసా ఊపి చూశాను, మందు కదులుతోంది, పలుకులు కూడా లేవు. ఇంట్లో ఎవరూ చూడలేదు. ఇంకో ఐదు నిమిషాలు తలుపు తీసి ఉంచితే ఆ పొర దానంతట అదే కరిగిపోయేది. బస్సులు కూడా లేవు, కొత్త సీసా తెచ్చేదారి లేదు.

సీసా, గ్లాసు రెండూ పట్టుకుని పక్కింటికి పోయాను.

"ఆపా, గడ్డకట్టింది" అన్నాను.

ఆపా వాకిలి ఊడుస్తున్నది ఆగిపోయింది. లోపల నుంచి పిల్ల పళ్ళు తోముకుంటూ వచ్చి, గ్లాసులోకి వంగి చూసింది. వేలితో పొరను విరిచి, అందులో ఒక పెళ్ళ తీసి చూసుకుంది. "కొంచెమే గద చాచీ" అంది. అన్నదే గానీ, నా చేతిలోని సీసాను తీసి గూట్లో వేరుగా పెట్టింది. తడి ఇసుక కుండ మూత తీసి, గుడ్డ విప్పి, అందులోంచి ఇంకో సీసా తీసింది. నన్ను నమ్మి మా ఫ్రిజ్‌లో ఒకటి పెట్టింది, నా సంగతి తెలిసి కుండలో ఒకటి దాచుకుంది. ఆపా లోపలికి పోయి, సిరంజి మరగబెట్టడానికి స్టవ్ ముట్టించింది.

"మరి ఐసేది చాచీ?" అంది పిల్ల, రెట్ట చూపిస్తూ.

నేను ఇంటికి ఉరికాను.